పది అడుగుల గదిలో ఇంటి ఆఫీసు: చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు ఎంచుకోవడం ఎలా?

2020లో ఉద్యోగం ఇంటికొచ్చింది, నేను పాలకొల్లు వచ్చేశాను. మేడ మీద గది ఖాళీగా ఉంటే బల్ల, కుర్చీ వేసుకుని దానికి ఆఫీసు అని పేరు పెట్టాను. ల్యాప్‌టాప్‌లో మేనేజరు గొంతు రేకు డబ్బాలో పడ్డ కందిరీగలా వినిపించేది. పోనీ హెడ్‌ఫోన్లు పెట్టుకుందామంటే మే నెల ఉక్కపోతలో చెవులు ఉడికిపోయేవి. సరే అని ఓ కొట్టుకి వెళ్ళి, డబ్బా మీద వేల వాట్లు రాసి ఉన్న సబ్‌వూఫర్ సెట్టు మోసుకొచ్చాను. మర్నాటి నుంచి మేనేజరు నోరు తెరిస్తే కింద వంటింట్లో గిన్నెలు మోగేవి. కానీ ఆయన ఫిఫ్టీన్ అన్నాడో ఫిఫ్టీ అన్నాడో మాత్రం తెలిసేది కాదు. ఆ సెట్టు ఇప్పుడు మా వీధి వినాయక చవితి పందిట్లో ఉంది. దానికి తగ్గ ఉద్యోగం అక్కడ దొరికింది.

అప్పుడు నేను చేసిన తప్పు చవక సరుకు కొనడం కాదు. ముందు కొనేసి తర్వాత గదిని చూడటం. ఇంటి ఆఫీసులో స్పీకరుకి అన్నిటికంటే పెద్ద పని మనిషి గొంతుని మూడు అడుగుల దూరం నుంచి, అలసట లేకుండా, ఎనిమిది గంటలు వినిపించడం. పాటలు దాని తర్వాత. ఈ పని సరిగ్గా జరగాలంటే గది, బల్ల, కరెంటు చూసుకుని ఆఖర్న కొట్టుకి వెళ్ళాలి. అదే వరసలో చెబుతాను.

1. ముందు గదిని వినండి

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పుడు వెంటనే ఆగిపోతే మీరు అదృష్టవంతులు. "టంగ్" అని చిన్న తోక మిగిలితే మీది ఈ కాలపు గది: పైన స్లాబు, కింద నున్నటి టైల్స్, గోడలకి పుట్టీ, ఒక పక్క అద్దాల కిటికీ. శబ్దం ఎటు వెళ్ళినా తగిలి తిరిగొస్తుంది. మా అమ్మమ్మగారి పెంకుటింట్లో ఇదే చప్పట కొడితే తోక లేదు. వాలు కప్పు, దూలాలు, పెంకుల ఎగుడుదిగుడులు, మూల ఉన్న ధాన్యం బస్తాలు అన్నీ కలిసి శబ్దాన్ని చెదరగొట్టేసి మింగేసేవి. పాత ఇంట్లో రేడియో కమ్మగా వినిపించేదని పెద్దవాళ్ళు అంటారే, అందులో సగం గొప్పతనం ఆ ఇంటిదే.

తోక ఉన్న గదిలో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా మాటలు ఒకదాని మీద ఒకటి పడతాయి. దీనికి కొత్త ఖర్చేమీ అక్కర్లేదు. కిటికీకి దళసరి కర్టెన్, కుర్చీ వెనక గోడకి పుస్తకాల అలమర, నేల మీద కొబ్బరిపీచు చాప, దాని మీద ఒక బొంత. మంచం, పరుపు గదిలో ఉంటే తీసేయకండి, అంతకంటే మంచి శబ్ద శోషకం బజార్లో దొరకదు. ఇనప బీరువా ఉంటే మాత్రం జాగ్రత్త. తలుపు వదులుగా ఉంటే కొన్ని స్వరాలకి అది కూడా శ్రుతి కలుపుతుంది. కోడిగుడ్ల అట్టలు గోడకి అతికించమని చాలామంది సలహా ఇస్తారు. దుమ్ము పడుతుంది, బల్లులు కాపురం పెడతాయి, శబ్దానికి ఒరిగేది చాలా తక్కువ.

ఇవన్నీ మాటల స్థాయి శబ్దాలకే పనికొస్తాయి. బొంత, కర్టెన్ బేస్‌ని, అంటే లోతైన శబ్దాన్ని, ఆపలేవు. బేస్‌కి గది కొలతలే శాసనం. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళుతుంది. రెండు గోడల మధ్య దూరానికి రెట్టింపు పొడవున్న అల ఆ గోడల మధ్య ఇరుక్కుని మోగుతూనే ఉంటుంది. 10 అడుగుల దూరానికి అది సుమారు 56 హెర్ట్జ్ (సెకనుకి 56 కంపనాలు), 12 అడుగులకి 47 హెర్ట్జ్. గది 10 బై 10 అయితే రెండు వైపులా ఒకే స్వరం మోగుతుంది కాబట్టి ఇంకా కష్టం. నా సబ్‌వూఫర్ వంటింటి గిన్నెల్ని మోగించింది ఇందుకే. చిన్న గదిలో 50 హెర్ట్జ్ దాకా దిగే స్పీకరు కొనడమంటే డబ్బిచ్చి తలనొప్పి తెచ్చుకోవడమే. 65, 70 దగ్గర ఆగే చిన్న జత ఆ గొడవలోకే వెళ్ళదు.

కుర్చీ గోడకి ఆనించినా, గదికి సరిగ్గా నడిమధ్యలో వేసినా బేస్ తప్పుగా వినిపిస్తుంది. గోడ దగ్గర ఉబ్బుతుంది, మధ్యలో మాయమవుతుంది. పొడవులో మూడో వంతు దాటి కాస్త ముందుకి, అంటే 12 అడుగుల గదిలో ముందు గోడ నుంచి నాలుగున్నర అడుగుల దగ్గర తల ఉంటే చాలావరకు నయం. మా అమ్మకి ఇవేం పట్టవు, తూర్పు ముఖంగా కూర్చుంటే చాలంది. అదృష్టం కొద్దీ మా గదిలో తూర్పే పొడుగు వైపు. మీ ఇంట్లో వాస్తుకీ శబ్దానికీ పేచీ వస్తే ఇంటి పెద్దల మాట వినండి, కర్టెన్ ఇంకొంచెం దళసరిది వేయండి.

2. బల్ల కొలిచి, అట్టపెట్టెతో రెండు రోజులు బతకండి

టేపు తీసుకుని నాలుగు కొలతలు రాసుకోండి. బల్ల లోతు. మానిటరు పక్కన రెండు వైపులా మిగిలిన వెడల్పు. గోడకీ బల్లకీ మధ్య ఖాళీ. మీరు మామూలుగా కూర్చున్నప్పుడు బల్ల పైనుంచి చెవి ఎత్తు. బల్ల లోతు రెండు అడుగులే అయితే పెద్ద స్పీకరు ఆలోచన అక్కడే మానేయండి. డబ్బా లోతు ఎనిమిది అంగుళాలని కాగితం మీద ఉంటే, వెనక వైర్ల మలుపుకి రెండు అంగుళాలు కలుపుకోవాలి. బేస్ కోసం డబ్బాలోని గాలి బయటికి వచ్చే గొట్టం వెనక ఉన్న రకమైతే గోడకీ దానికీ మధ్య ఇంకో నాలుగైదు అంగుళాలు వదలాలి. అంతా కలిస్తే స్పీకరు మీ కాఫీ కప్పు దాకా వచ్చేస్తుంది.

ఇక్కడ అందరికీ చెప్పే చిట్కా ఒకటుంది. కొందామనుకున్న మోడల్ కొలతలు చూసి, అదే సైజులో రెండు అట్టపెట్టెలు కత్తిరించి అతికించి బల్ల మీద పెట్టుకోండి. రెండు రోజులు అలాగే పని చేయండి. ఫైళ్ళు ఎక్కడ పెడతారు, టీ గ్లాసు ఎక్కడ, పిల్లలు వచ్చి చెయ్యి ఎక్కడ ఆనిస్తారు, అన్నీ తేలిపోతాయి. నేను అయిదంగుళాల వూఫరు (బేస్ పలికే పెద్ద గుండ్రటి భాగం) ఉన్న జత కొనాలని ఉబలాటపడి, అట్టపెట్టెలు పెట్టిన మొదటి సాయంత్రమే నాలుగంగుళాలకి దిగొచ్చాను.

3. ఎంత సైజు? మూడింట్లో రెండే దక్కుతాయి

బుక్‌షెల్ఫ్ స్పీకరు అనే మాటకి వెనక ఓ కథ ఉంది. 1950ల మొదట్లో ఇంట్లో మంచి బేస్ కావాలంటే బీరువా అంత డబ్బా పెట్టాల్సిందే. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్ కలిసి అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టారు. విల్చర్ ఆలోచన చిన్నదే. డబ్బాని గాలి చొరబడకుండా మూసేసి, లోపలి గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. దాంతో బేస్ తగ్గకుండా డబ్బా చిన్నదై అలమరలోకి ఎక్కింది. కానీ దానికో మూల్యం ఉంది. అదే శబ్దానికి ఎక్కువ కరెంటు తాగింది.

ఈ లెక్కని ఆ రోజుల్లో స్పీకర్లు తయారు చేసిన ఆంటన్ హాఫ్‌మన్ పేరుతో ఇనప సూత్రం అంటారు. లోతైన బేస్, చిన్న డబ్బా, తక్కువ శక్తితో పెద్ద శబ్దం: ఈ మూడింట్లో ఏ రెండైనా తీసుకోవచ్చు, మూడోది వదులుకోవాలి. మన ఊళ్ళో దీనికి రోజూ కనిపించే ఉదాహరణ రామకోవెల మీది మైకు గిన్నె. ముప్పై వాట్లతో కాలువ అవతలి ఊరికి భజన వినిపిస్తుంది, కానీ మృదంగం తొప్పి వైపు దెబ్బ అందులో ఎప్పుడైనా విన్నారా? గిన్నె బేస్‌ని వదిలేసి శబ్దం తీసుకుంది. మన బల్ల మీది స్పీకరు శబ్దాన్ని వదిలేసి కొంత బేస్ తీసుకోవాలి. మూడు అడుగుల దూరంలో కూర్చునేవాడికి ఆ బేరం లాభమే. కాబట్టి అరచేతిలో పట్టేంత డబ్బా "ఇల్లు అదిరే బేస్" అంటే నమ్మకండి. అది మధ్య బేస్‌ని కృత్రిమంగా ఉబ్బించి మన చెవిని మోసం చేస్తోంది. ఆ ఉబ్బు సరిగ్గా మగవాళ్ళ గొంతు ఉండే చోటే పడుతుంది.

చిన్న డబ్బా అంటే నాసిరకం అని కూడా అనుకోవద్దు. 1970లలో బీబీసీ ఇంజినీర్లు బయట కార్యక్రమాలు రికార్డు చేసే వ్యానుల్లో పెట్టుకోవడానికి ఎల్ఎస్3/5ఏ అనే స్పీకరు తయారు చేశారు. ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19. అయిదంగుళాల వూఫరు, మూసేసిన డబ్బా. ఇరుకు వ్యానులో కూర్చుని, చదివేవాడి గొంతులో తేడా పట్టుకోవడం దాని పని. మన ఇంటి ఆఫీసుకి అంతకంటే దగ్గర పోలిక ఏముంటుంది?

నా లెక్క ఇది. 8 బై 10 గది, రెండడుగుల బల్ల అయితే 3 నుంచి మూడున్నర అంగుళాల వూఫరు. 10 బై 12 గది, రెండున్నర అడుగుల బల్ల అయితే 4 అంగుళాలు. గది ఇంకా పెద్దదై, సాయంత్రం పూట సోఫాలో కూర్చుని పాటలు వినాలనుకుంటే 5 అంగుళాలు. ఆరున్నర అంగుళాల వాటికి హాలు కావాలి. రెండంగుళాల యూఎస్‌బీ బుడ్డి స్పీకర్లు ల్యాప్‌టాప్ కంటే నయమే గానీ రోజంతా మీటింగులుండేవాళ్ళకి చాలవు.

4. ఆంప్లిఫయర్ లోపలా, బయటా?

యాక్టివ్ రకంలో ఆంప్లిఫయర్ స్పీకర్లోనే ఉంటుంది. ప్లగ్గు పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి ఒక వైరు లాగితే పని అయిపోయినట్టే. పాసివ్ రకానికి ఆంప్లిఫయర్ విడిగా కొనాలి. పాసివ్‌లో ఒక సుఖం ఉంది, ఏది పాడైతే అదే మార్చుకోవచ్చు. స్పీకరు ఇరవై ఏళ్ళు ఉంటుంది, ఆంప్లిఫయర్ పోతే ఇంకోటి తెచ్చుకుంటాం. యాక్టివ్‌లో లోపలి బోర్డు కాలితే సర్వీస్ సెంటరు ఎక్కడుందో వెతకాలి. కొనే ముందే ఆ ప్రశ్న అడగండి. రాజమండ్రిలోనో విజయవాడలోనో ఉందంటే సరే. వేరే రాష్ట్రానికి పార్సిల్ పంపాలంటే మాత్రం ఆలోచించుకోండి.

అయినా బల్ల మీదికి నా ఓటు యాక్టివ్‌కే. ఇంకో డబ్బాకి చోటెక్కడ?

యాక్టివ్ అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఒకే స్పీకర్లో బోర్డంతా ఉండి, రెండోదానికి వైరు వెళ్ళే రకం. ఆ వైరు ఎంత పొడవు వస్తుందో చూడండి, మానిటరు వెనకనుంచి తిప్పితే మీటరున్నర తేలిగ్గా తినేస్తుంది. పాసివ్ కొంటే మామూలు రాగి వైరు చాలు, మీటరుకి వందలు పోసే వైర్లు వద్దు. ఎరుపు ఎరుపుకీ, నలుపు నలుపుకీ కలపడం మాత్రం మర్చిపోకండి.

5. డబ్బా మీది అంకెలు

పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి అని చెప్పుకునేది) అని రాసి ఉంటే ఆ అంకెని చదవకండి. దానికి ఒప్పుకున్న కొలత పద్ధతంటూ లేదు, ఎవరికి తోచింది వాళ్ళు రాసుకుంటారు. ఆర్ఎంఎస్ వాట్లు, అంటే ఆగకుండా నిజంగా ఇవ్వగల శక్తి, చూడండి. అవి కూడా ఎంత కావాలో ఓసారి లెక్క వేద్దాం.

ఒక వాటుకి మీటరు దూరంలో 85 డెసిబెల్స్ ఇచ్చే స్పీకరు అనుకుందాం. మాటలకి 75 డెసిబెల్స్ అంటే గట్టిగానే వినిపిస్తున్నట్టు. పది డెసిబెల్స్ తగ్గితే శక్తి పదో వంతు చాలు, అంటే వాటులో పదో వంతు. అవును, 0.1 వాట్. పాటలో మృదంగం దెబ్బ ఒక్కసారిగా సగటు కంటే 20 డెసిబెల్స్ పైకి లేచినా దానికి వంద రెట్లు, అంటే 10 వాట్లు. స్పీకరుకి 20 నిజమైన వాట్లు ఉంటే మీ బల్లకి అది పెళ్ళి భోజనం. ఇంకో సంగతి, వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. 20 వాట్ల దానికీ 40 వాట్ల దానికీ మధ్య తేడా చెవికి కొద్దిగానే తెలుస్తుంది, జేబుకి బాగా తెలుస్తుంది.

శబ్దం ఎంతవరకు మంచిదంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పే హద్దు 80 డెసిబెల్స్, వారానికి 40 గంటలు. ఆఫీసు వారం కూడా సరిగ్గా అంతే కదా.

ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ (ఏ స్వరం నుంచి ఏ స్వరం దాకా పలుకుతుందో చెప్పే అంకె) దగ్గర "50 నుంచి 20,000 హెర్ట్జ్" అని ఉంటే పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ లాంటి మాట ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఆ 50 దగ్గర శబ్దం చీమ చిటుక్కుమన్నంతే ఉన్నా రాసేసుకోవచ్చు. మగవాళ్ళ గొంతు మూల స్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడవాళ్ళది 165 నుంచి 255. ఫోను లైను పాత రోజుల్లో 300 నుంచి 3,400 మధ్యనే పంపేది, అందుకే ఫోనులో "స", "ఫ" తేడా తెలిసేది కాదు. హల్లుల స్పష్టత అంతా పైనెక్కడో, 2,000 నుంచి 8,000 మధ్య ఉంటుంది. అంటే మీటింగుల్లో మాట అర్థం కావడం వూఫరు చేతిలో కంటే ట్వీటరు (సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం) చేతిలోనే ఎక్కువ. పట్టు గుడ్డ డోమ్ ట్వీటరు ఈ ధరల్లో సాధారణంగా మెత్తగా ఉంటుంది. లోహపు డోమ్ చెడ్డదేం కాదు, కానీ చవక రకాల్లో "స" శబ్దం ఈల వేస్తుంది.

6. మన ఊరి శత్రువులు: తేమ, బల్లి, కరెంటు

బయటి దేశాల వాళ్ళు రాసే సలహాల్లో ఈ భాగం ఉండదు.

డెల్టాలో ఏడాదిలో సగం రోజులు గాల్లో నీళ్ళుంటాయి. అంతర్వేది, నరసాపురం, యానాం వైపైతే ఉప్పు కూడా. స్పీకరు కోన్ చుట్టూ మెత్తటి అంచు ఉంటుంది చూశారా, అది నురుగు ఫోమ్‌తో చేసినదైతే ఈ వేడికీ తేమకీ కొన్నేళ్ళలో బిస్కెట్టులా పొడి అవుతుంది. రబ్బరు అంచే అడగండి. వేలితో చాలా మెల్లగా తాకితే తెలిసిపోతుంది. కోన్ కాగితానిదైనా పైన పూత ఉంటే ఫర్వాలేదు, పాలీప్రొపిలీన్ అయితే ఇంకా నిశ్చింత. డబ్బాలు దాదాపు అన్నీ ఎండీఎఫ్‌వే, అంటే చెక్కపొట్టుని నొక్కి చేసిన పలకలవే. పైన అంటించిన వినైల్ మూలల్లో లేచిపోయి ఉంటే తీసుకోకండి. అక్కడ తడి తగిలితే చెక్క అప్పడంలా ఉబ్బుతుంది. తుడిచేటప్పుడు కూడా పొడిగుడ్డే. వెనక వైరు బిగించే చోట స్ప్రింగు క్లిప్పుల కంటే మరతో బిగించే రకం మంచిది. క్లిప్పులు చిలుం పట్టి చిటపటమంటాయి. వాల్యూమ్ గుండీ తిప్పితే గరగర వస్తే కంగారు పడకండి, వాడని రోజుల్లో లోపల పట్టిన మకిలి అది. పది పదిహేనుసార్లు అటూ ఇటూ తిప్పితే చాలాసార్లు పోతుంది.

ఇక బల్లి. గాలి గొట్టం ఉన్న స్పీకరు దానికి అద్దె లేని ఇల్లు. నా ఎడమ స్పీకరు ఓ వారం రోజులు మీటింగు మధ్యలో "టక్ టక్" అంటుంటే కేబుల్ అని, సాఫ్ట్‌వేర్ అని నానా గందరగోళం పడ్డాను. చివరికి టార్చి వేసి చూస్తే రెండు కళ్ళు. గొట్టం నోటికి వెడల్పు కన్నాల నైలాన్ వల కట్టండి. దోమతెర గుడ్డ అంత సన్నటిది వద్దు, గాలి ఆగి బేస్ మారుతుంది. గొట్టం ముందు వైపే ఉన్న మోడల్ అయితే గోడకి దగ్గరగా పెట్టుకోవచ్చు, లోపల ఎవరున్నారో కూడా కనిపిస్తుంది. ఎడిఫైయర్ ఆర్1280 రకం అలాంటిదే, 4 అంగుళాల వూఫరు, ముందు గొట్టం, రెండూ కలిపి 42 వాట్లు. ప్రిసోనస్ ఈరిస్ 3.5, జేబీఎల్ 104లకి గొట్టం వెనక ఉంటుంది, వాటికి గోడ దూరం వదలాలి. ఇవి పోల్చుకోవడానికి ఉదాహరణలు మాత్రమే. ధరలు పండగకో తీరుగా ఉంటాయి.

కరెంటు సంగతి భీమవరం చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రి పూట చెరువు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుందని ఏరేటర్లన్నీ ఒకేసారి తిరుగుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ మూలుగుతుంది, ఇంట్లో బల్బు కళ తప్పుతుంది. అమెరికా వాళ్ళతో మీటింగు కూడా సరిగ్గా ఆ వేళకే. స్పీకరు వెనక "100–240 వోల్టులు" అని ఉంటే ఈ ఎగుడుదిగుడుల్ని అది తట్టుకుంటుంది. ఒక్క 230 మాత్రమే రాసి ఉంటే స్టెబిలైజర్ ఆలోచించండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే కరెంటు పోగానే స్పీకరు జుమ్మంటుంది. ఆ తప్పు స్పీకరుది కాదు, సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆ చప్పుడు ఉండదు. ఈదురుగాలి, ఉరుములు మొదలైతే స్విచ్చి కట్టేస్తే సరిపోదు, ప్లగ్గు పీకండి. ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకండి.

గోదావరి పెరిగినప్పుడు నీళ్ళొచ్చే లంక గ్రామాల్లో ఉండేవాళ్ళు స్పీకర్లు నేల మీద స్టాండులో కాకుండా బల్ల మీదే పెట్టుకోండి. వరదలో ఎవరూ వాటిని ముందు తీయరు.

7. ఏ వైరు, ఏ బ్లూటూత్

మీటింగులకి వైరే. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యంగా రావచ్చు. వీడియోలో పెదాలు ఒకటి అంటాయి, శబ్దం ఇంకోటి వస్తుంది. సాయంత్రం ఫోను నుంచి పాటలు వేయడానికి బ్లూటూత్ బాగానే ఉంటుంది. యూఎస్‌బీ ఇన్‌పుట్ ఉంటే ల్యాప్‌టాప్ లోపలి గరగర తప్పుతుంది. వాల్యూమ్ గుండీ, హెడ్‌ఫోన్ కన్నం ముందు వైపు ఉన్నాయో చూడండి. రోజుకి ఇరవైసార్లు చెయ్యి వెళ్ళేది అక్కడికే. కొన్ని యాక్టివ్ స్పీకర్లు కాసేపు శబ్దం లేకపోతే నిద్రపోతాయి, లేచేలోపు ఎదుటివాళ్ళ మొదటి మాట మింగేస్తాయి. ఆ నిద్ర ఆపే వీలుందో అడగండి.

8. వినడానికి వెళ్ళినప్పుడు

కొట్లో వాళ్ళు ఎప్పుడూ బేస్ దద్దరిల్లే పాట వేస్తారు, అదీ గట్టిగా. రెండు జతలు పోల్చేటప్పుడు కాస్త గట్టిగా మోగేదే మంచిదనిపించడం చెవికున్న బలహీనత. ఫోనులో డెసిబెల్ మీటర్ యాప్ పెట్టుకుని రెండూ సమానంగా ఉండేలా చూసుకున్నాకే తీర్పు చెప్పండి. మూడు అడుగుల దూరంలో స్టూలు వేసుకు కూర్చోండి. కొట్టువాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

ముందు మాట వినండి. ఆకాశవాణి వార్తలు రికార్డు చేసుకెళ్ళండి, లేదా మీ ఇంట్లో వాళ్ళ గొంతే. రోజూ వినే గొంతులో తేడా ఇట్టే పట్టేస్తాం. శ, ష, స విడివిడిగా తెలుస్తున్నాయా? ఒత్తులు పలుకుతున్నాయా, పక్కన అక్షరంలో కలిసిపోతున్నాయా? తెలుగు పద్యం ఎవరైనా చక్కగా చదివింది ఉంటే అంతకంటే కఠిన పరీక్ష లేదు.

తర్వాత సంగీతం. దీనికి దూరం వెళ్ళక్కర్లేదు, గోదావరి జిల్లాల వాళ్ళే చాలు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గొంతు మంద్రంలోకి దిగినప్పుడు ఛాతీలోంచి వచ్చినట్టుండాలి, డబ్బాలోంచి వచ్చినట్టు కాదు. పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ వేగంగా సాగేటప్పుడు ఒక్కో మీటూ విడిగా వినిపించాలి. అక్కడ చెవికి గుచ్చుకుంటే ట్వీటరు మీకు పడదు, ఆరో గంటకి తలనొప్పి ఖాయం. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు, ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి, వీళ్ళిద్దరి వీణ ఒకదాని తర్వాత ఒకటి వేయండి. మీటు తర్వాత తీగ నాదం సన్నగా, ఎంతసేపు సాగుతుందో వినండి. ఇద్దరి వీణా ఒక్కలాగే వినిపిస్తే ఆ స్పీకరు అన్నిటికీ తన రంగే పూస్తోందన్నమాట.

పాట ఆపేసి, వాల్యూమ్ మామూలుగా ఉంచి, చెవి దగ్గర పెట్టి "స్‌స్‌" అనే హిస్ ఎంతుందో కూడా చూడండి. ఏప్రిల్‌లో కొంటే ఇది తెలియదు, ఫ్యాను దాన్ని కప్పేస్తుంది. డిసెంబరులో ఫ్యాను ఆపిన మొదటి రాత్రి బయటపడుతుంది. అప్పటికి వాపసు గడువు ఎప్పుడో దాటి ఉంటుంది. ఇంటికొచ్చిన రోజే ఫ్యాను కట్టేసి ఒకసారి, అయిదులో పెట్టి ఒకసారి వినండి. ఆన్‌లైన్లో తెప్పించుకుంటే వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకుని, అట్టపెట్టె, లోపలి థర్మాకోల్ అటక మీద దాచండి.

9. అమర్చడం: సగం ధ్వని ఇక్కడే ఉంది

రెండు స్పీకర్లు, మీ తల, మూడూ కలిపి సమబాహు త్రిభుజం. స్పీకర్ల మధ్య మూడు అడుగులుంటే ఒక్కోదాని నుంచి చెవికి కూడా మూడు అడుగులే. రెండింటినీ కొద్దిగా లోపలికి, మీ వైపు తిప్పండి. ట్వీటరు మీ చెవి ఎత్తుకి రావాలి. బల్ల మీద ఊరికే పెడితే అది మీ బొడ్డుకో ఛాతీకో పాడుతుంది. నాలుగైదు అంగుళాలు ఎత్తు చేయండి, లేకపోతే ముందు భాగం పైకి వాలేలా పెట్టండి. కొనే స్టాండులు బాగుంటాయి, ఊళ్ళో వడ్రంగి చేత రెండు టేకు దిమ్మలు చేయించినా అంతే బాగుంటాయి. స్పీకరుకీ దిమ్మకీ మధ్య దళసరి రబ్బరు ముక్క వేస్తే బల్ల మోగడం ఆగుతుంది.

బల్ల పైభాగం అద్దంలా శబ్దాన్ని తిప్పికొడుతుంది. నేరుగా వచ్చిన మాట, బల్ల మీద పడి ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చిన మాట కలిసి గొంతుని ముక్కుతో మాట్లాడినట్టు చేస్తాయి. పరీక్షించడానికి నిజంగానే అద్దం వాడొచ్చు. కుర్చీలో కూర్చుని, ఇంకొకరి చేత చిన్న అద్దాన్ని బల్ల మీద మెల్లగా జరిపించండి. ఏ చోట అద్దంలో ట్వీటరు కనిపిస్తే ఆ చోట శబ్దం తగిలి మీకొస్తోంది. అక్కడ ఒక దళసరి గుడ్డో, రాసుకునే ప్యాడో పరవండి. పక్క గోడలకీ ఇదే పద్ధతి, అద్దంలో కనిపించిన చోట కర్టెనో పుస్తకాలో రావాలి.

గోడ మూలలో స్పీకరు పెట్టకండి, రెండు గోడలూ కలిసి బేస్‌ని ఉబ్బిస్తాయి. ఒక స్పీకరు కిటికీ దగ్గర, ఇంకోటి బీరువా దగ్గర ఉండక తప్పదంటే కనీసం ముందు గోడ నుంచి దూరమైనా సమానంగా ఉంచండి. వెనక "డెస్క్‌టాప్", "బేస్" లాంటి స్విచ్చులుంటే గోడ దగ్గరగా ఉన్నప్పుడు బేస్ ఒక మెట్టు తగ్గించండి.

మైకు స్పీకర్ల ముందు పెడితే ఎదుటివాళ్ళకి వాళ్ళ గొంతే తిరిగి వినిపిస్తుంది. మైకు మీకు దగ్గరగా, దాని వీపు స్పీకర్ల వైపు ఉండేలా పెట్టి, వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే మీటింగు సాఫ్ట్‌వేర్ మిగతాది చూసుకుంటుంది.

అంతా అయ్యాక ఒకరి చేత కాల్ చేయించుకోండి. గొంతు మానిటరు సరిగ్గా మధ్యలోంచి వస్తోందా? రెండు వైపులా చెల్లాచెదురుగా, బేస్ లేకుండా, ఎక్కడినుంచో అన్నట్టు వస్తుంటే ఒక స్పీకరుకి ఎరుపు నలుపు తారుమారైంది. ఒక వైపు వైర్లు మార్చండి.

10. జుమ్మంటుంటే

ప్లగ్గు పెట్టగానే సన్నటి "జుమ్" వస్తే, ల్యాప్‌టాప్ చార్జరు పీకి చూడండి. ఆగిపోతే ఎర్తింగ్ వలయం ఏర్పడిందని అర్థం. అంటే స్పీకరు ఎర్త్, చార్జరు ఎర్త్ వేర్వేరు దారుల్లో వెళ్ళి కలుస్తున్నాయి. రెండింటినీ ఒకే పవర్ స్ట్రిప్‌లో పెడితే చాలాసార్లు పోతుంది. అప్పటికీ పోకపోతే మధ్యలో ఆడియో ఐసోలేటర్ అనే చిన్న ముక్క పెట్టుకోవచ్చు. మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి చప్పుడు ఆపే వీరులు ప్రతి వీధిలోనూ ఉంటారు. వాళ్ళని ఆ గదిలోకి రానివ్వకండి, ఆ పిన్ను మీ ప్రాణానికి కాపలా. నాలుగడుగులు తవ్వితే తడి తగిలే మన నేలలో ఎర్తింగ్ మంచిగా కుదరడం కష్టమేం కాదు. పాత ఇంట్లో గుంట ఎండిపోయి, వైరు చిలుం పట్టి ఉంటే ఎలక్ట్రీషియన్ని పిలిచి సరి చేయించండి. మా ఇంట్లో అది చేయించాక స్పీకరు జుమ్ ఆగింది, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే అమ్మకి చెయ్యి జివ్వుమనడమూ ఆగింది.